డాలియాకు కట్టిన నీలం రిబ్బను

వలేరియన్ స్కిబా కుర్చీలో పూర్తిగా కూర్చోలేదు. అంచున ఆనుకొని, ఒడిలో ఉన్న గాజుసీసాను రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. సీసాలోని నీళ్ళలో ఒక టమాటా కొమ్మ ఉంది. దాని కింది ఆకులు మామూలుగానే ఉన్నాయి. పైన, చిగురు విచ్చుకోవలసిన చోట, ఆకులు దారాల్లా సన్నబడి, బిగించిన పిడికిలిలా లోపలికి చుట్టుకుపోయాయి.

"ఇది నేను చేశానంటున్నారండీ," అన్నాడాయన. "పక్క తోటామె మొక్కలకి కలుపు మందు కొట్టానట. చీకట్లో, కంచె మీంచి. ఈ ఆదివారం మీటింగు పెట్టి నా సభ్యత్వం తీసేస్తారు."

ప్రైవేటు డిటెక్టివు గ్విదోన్ సొవా సీసాను అందుకొని కిటికీ వెలుతురులో నెమ్మదిగా తిప్పాడు. ఊచ్ నగరంలో ఈ కార్యాలయం తెరవకముందు ఆయన ఇరవై ఏళ్ళపాటు ఒక పంటల బీమా సంస్థలో నష్టాల పరిశీలకుడిగా పనిచేశాడు. వడగళ్ళు చీల్చిన ఆకుకీ, పరిహారం కోసం రైతు బెత్తంతో చీల్చిన ఆకుకీ తేడా కనిపెట్టడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయనకు మొక్కల మీద నమ్మకాన్నీ, మనుషుల మీద అనుమానాన్నీ మిగిల్చిందని సహాయకురాలు ఇదా పాల్కా అనుకునేది. ఇదా ఒకప్పుడు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దింది. అందరి కళ్ళూ దాటిపోయే తప్పు దగ్గర చూపు ఆగడం ఎంత కష్టమో తెలిసినది గనుకనే సొవా చూపును ఆమె అంతగా ఆరాధించేది.

వృద్ధుడు తన కథను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆయన రిటైరైన ట్రాము డ్రైవరు. నగరం అంచున, సభ్యులకు తలా ఒక చిన్న తోటస్థలం ఇచ్చే వేకువచుక్క తోటల సంఘంలో ఆయనకూ భార్య స్తెఫానియాకూ నలభై ఏళ్ళుగా ఒక తోట ఉంది. ఆరేళ్ళ క్రితం ఆమె పోయింది. కుళ్ళిన బర్చ్ దుంగల మీద మట్టి పోసి ఆమె కట్టిన ఎత్తుమడిలో ఆమె నాటిన పియోనీ పూలు ఇప్పటికీ పూస్తున్నాయి. పక్క తోట ఫెలిత్సియా మ్రోజెక్‌ది. పాత దర్జీ. మోకాళ్ళు వంగక, ఈ వసంతంలో ఆమె తన తోటంతా నడుమెత్తు చెక్కపెట్టెల మడులుగా మార్చింది. జూన్ వచ్చేసరికి ఆ మడుల్లో టమాటాలు, చిక్కుళ్ళు, డాలియాలు అన్నీ ఇలా ముడుచుకుపోయాయి.

"మీ మీదే అనుమానం ఎందుకొచ్చింది?" అని అడిగాడు సొవా.

వలేరియన్ చూపు దించుకున్నాడు. "పెట్టెలు దించిన రోజున అందరి ముందూ అన్నాను. 'శవపేటికల్లో ఏం మొలుస్తుందమ్మా?' అని. సరదాకే అన్నానండీ. ఆమె నవ్వలేదు. మే నెలాఖర్లో నేను పేనుబంకకి దురదగొండి ఆకు పులిసిన నీళ్ళు కొట్టుకుంటుంటే డబ్బా నా వీపు మీద చూశారు. ఇంకేం కావాలి?"

"వాసన తెలియలేదా వాళ్ళకి?"

"వాసన తెలిసింది. అదే విషం వాసన అన్నారు."

సొవా నవ్వలేదు. తన నుంచి ఏమి కావాలో చెప్పమన్నాడు. వలేరియన్ తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఆ తోట పోతే పొద్దున్నే లేచి ఎటు నడవాలో నాకు తెలీదు సార్," అన్నాడు చివరికి.

ఆయన వెళ్ళాక ఇదా కిటికీలోంచి చూసింది. కింద వీధిలో ఆయన కూతురు లుత్సీనా పాత కారు పక్కన నిలబడి ఉంది. నలభై దాటిన, వెడల్పాటి భుజాల స్త్రీ. డిక్కీ తాళం పాడైనట్టుంది, తలుపును నారింజ రంగు ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టింది. తండ్రి మెట్లు దిగగానే ఆమె గబగబా వచ్చి మోచేయి పట్టుకుంది, తల కారుకు తగలకుండా అరచెయ్యి అడ్డుపెట్టి లోపల కూర్చోబెట్టింది. ఆ అరచెయ్యిని చూసి ఇదాకు ఆ మనిషి మీద అభిమానం కలిగింది.

మర్నాడు ఉదయం సొవా, ఇదా ట్రాములో వేకువచుక్కకు వెళ్ళారు. కంచెల నడుమ ఇరుకైన దారికి రెండు వైపులా గేట్ల బయట బుట్టలు ఉన్నాయి. వాటిలో లెట్యూస్ నారు, ముదిరిన ముల్లంగి, పాత పూలకుండీలు. ఇదా ఒక బుట్ట ముందు ఆగితే, ఎదురొచ్చిన వలేరియన్ తీసుకొమ్మన్నాడు. గేటు బయట పెట్టిన వస్తువు ఎవరిదైనా అవుతుంది, ఇక్కడ అందరూ పాటించే పద్ధతి అది.

"సైకిలు మాత్రం బయట ఆనించకండమ్మా," అన్నాడు. "తిరిగొచ్చేసరికి దాని మీద ఎవరో బజారుకెళ్ళుంటారు."

తోటలోని చిన్న కొయ్యగదిలో ఆయన టీ కాచాడు. తన మడుల్లో ఏమి వేస్తాడని సొవా అడిగాడు. సొంత కంపోస్టే వేస్తాననీ, దానికి తోడు ఏడాదికోసారి గుర్రపు లద్దె వేస్తాననీ చెప్పాడు వలేరియన్. లుత్సీనా ఒక గుర్రపుశాలలో పనిచేస్తుంది. ఏటా ఏప్రిల్ పద్నాలుగున, అంటే వలేరియన్ అనే పేరున్నవాళ్ళకి క్యాలెండరులో కేటాయించిన పేరు పండుగ నాడు, అదే ఆమె తెచ్చే కానుక.

"ఈ ఏడాది కూడా తెచ్చిందా?"

"మర్చిపోయింది. పోయిన శరదృతువులో నేనిక్కడే కళ్ళు తిరిగి పడ్డాను, అప్పట్నుంచీ దానికి మనసు మనసులో లేదు. ఆ రోజు ఫోనులో ఒక్క ముక్క మాట్లాడి పెట్టేసింది. పోనీ గుర్తు చేద్దామా అంటే, అడిగి తీసుకున్నాక అది కానుకెలా అవుతుంది చెప్పండి."

గోడకు తగిలించిన ఉప్పు డబ్బాను ఇదా చూస్తుండడం గమనించి, ఆయన మొహం కొంచెం తేటపడింది. ఐదేళ్ళప్పుడు లుత్సీనా ఆ ఏటి మొదటి టమాటాను గేటు దగ్గర నిలబడి, ఉప్పద్దుకొని, గౌను నిండా రసం కార్చుకుంటూ తినేసిందట. అప్పటినుంచి తోటలో పండే మొదటి టమాటా ఆమెదే. ఇప్పటికీ దానికోసం వస్తుంది, ఇప్పటికీ నిలబడే తింటుంది.

ఫెలిత్సియా మ్రోజెక్ వాళ్ళను గేటులోంచి లోపలికి రానిచ్చింది గాని, దారి ఇవ్వలేదు. సన్నని, నిటారైన మనిషి. మాటలు కత్తిరించి పెట్టినట్టు మాట్లాడుతుంది. ఆమె వెనుకే తోటల సంఘం అధ్యక్షుడు ఆల్బిన్ జెంబా నిలబడి ఉన్నాడు.

"డిటెక్టివుని పెట్టుకున్నాడా?" అన్నదామె. "ఆ డబ్బుతో నాకు టమాటాలు కొనివ్వాల్సింది."

"చూడనివ్వండి ఫెలిత్సియా గారూ. చూపుకి మొక్కలు చచ్చిపోవు," అన్నాడు సొవా.

పెట్టెలు తొమ్మిది. దారివైపు గేటు దగ్గర మొదలై, వరసగా వలేరియన్ కంచె దాకా ఉన్నాయి. సొవా ఒక్కొక్క పెట్టె ముందూ ఆగాడు. ఇదా ఆయన చూపు వెంట తన చూపును నడిపింది. గేటువైపు పెట్టెల్లో టమాటాలు, చిక్కుళ్ళు, డాలియాలు మెలితిరిగి ఉన్నాయి. ముదురాకుల కంటే కొత్త చిగుళ్ళే ఎక్కువ వికృతంగా ఉన్నాయి. అవే పెట్టెల్లో మొక్కజొన్న, ఉల్లి, గ్లాడియోలస్ పూలమొక్కలు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడ్డాయి. పెట్టెల మధ్య నడకదారిలో పసుపుపూల కలుపు గుబురుగా పెరిగింది. కంచెకు ఆనుకొని ఉన్న చివరి రెండు పెట్టెల్లో టమాటాలు నిక్షేపంగా ఉన్నాయి.

ఫెలిత్సియా దేన్నీ పారేసే మనిషి కాదని తోటంతా చెబుతోంది. పాత మేజోళ్ళు ఉల్లి సంచులయ్యాయి, పెరుగు కప్పులు నారు కుండీలయ్యాయి. మొక్కలన్నిటినీ ఆమె కర్రలకు నారింజ రంగు ప్లాస్టిక్ తాడుతో కట్టింది. ఒక్క డాలియాను మాత్రం నీలం శాటిన్ రిబ్బనుతో కట్టింది.

పెట్టెల్లో ఏమేమి పోశారని సొవా అడిగాడు. అడుగున కొమ్మలు, వాటిమీద ఎండుటాకులు, ఆపైన తన సొంత కంపోస్టు, అన్నిటికీ మీద మట్టి అని ఆమె టకటకా చెప్పింది. సొవా మూల ఉన్న కంపోస్టు తొట్టి మూత ఎత్తి చూశాడు. తొట్టి అంచుల దాకా నిండి ఉంది. పైన ఆపిల్ తొక్కలు ఎండి, తోలు ముక్కల్లా నల్లబడ్డాయి. ఆయన మూత దించాడు.

గేటు బయట ఇదా అధ్యక్షుడు జెంబాను పక్కకు పిలిచి, వలేరియన్ తోట ఖాళీ అయితే ఎవరికి వెళ్తుందని అడిగింది. తోట కోసం కాచుకున్నవాళ్ళ వరసలో ముందున్నది తన మేనల్లుడేనని అతను కాలరు సవరించుకుంటూ ఒప్పుకున్నాడు. అతని మీదే తనకు అనుమానంగా ఉందని ఆమె తిరుగుదారిలో చెప్పింది.

"అతనికి ఆశ ఉంది," అన్నాడు సొవా. "ఆశకి టమాటా ఆకులు ముడుచుకోవు ఇదా. వేళ్ళలోంచి ఏదో ఎక్కుతోంది. అందుకే పాత ఆకు బాగుంది, కొత్త ఆకు బాగాలేదు."

ట్రాము స్టాపు దగ్గర లుత్సీనా కారు ఆగి ఉంది. తండ్రికి మధ్యాహ్నం భోజనం తెచ్చింది. సొవా ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆమె అలసిపోయినట్టు, మర్యాదగా జవాబులిచ్చింది. నాన్న వయసుకు ఈ తోట పని ఎక్కువేననీ, సంఘంతో తగువు పెట్టుకోకుండా వదిలేస్తేనే మంచిదనీ అన్నది.

"ఈసారి నాన్నగారి పేరు పండుగకి ఏం కానుకిచ్చారు?" అని అడిగాడు సొవా, సెలవు తీసుకుంటున్నవాడిలా.

"చాక్లెట్లు," అన్నది లుత్సీనా వెంటనే.

సొవా మాట మీద జెంబా సమావేశాన్ని రెండు వారాలు వాయిదా వేశాడు. ఆ రెండు వారాలూ కార్యాలయం కిటికీలో మూడు కప్పులు ఉన్నాయి. మొదటి దానిలో ఫెలిత్సియా చెడిపోయిన పెట్టెలోని మట్టి, రెండవ దానిలో వలేరియన్ మడిలోని మట్టి. మూడవ దాన్ని సొవా ఒక సాయంత్రం ఎక్కడి నుంచో తెచ్చాడు. ఆ రోజు ఆయన బూట్లకు బురద, ప్యాంటు మడతల్లో గడ్డిపరకలు ఉన్నాయి. మూడింటిలోనూ చిక్కుడు గింజలు నాటి, నీళ్ళు పోసే పని ఇదాకు అప్పగించాడు. మొలకలు వచ్చాక వాటిని చూసి ఆమె సంతోషంతో ఆయన్ను పిలిచింది. ఆయన వచ్చి చూశాడు గాని, సంతోషించలేదు.

సమావేశం సంఘం కొయ్యహాలులో జరిగింది. బల్ల మీద ఎవరో ప్లమ్ కేకు కోసి పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. వలేరియన్ తన పెళ్ళినాటి కోటు వేసుకొని ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన లుత్సీనా, తండ్రి చేతి మీద చెయ్యి వేసి ఉంది. జెంబా ఆరోపణ చదివాక సొవా లేచాడు.

ఆయన గొంతు పెంచలేదు. వలేరియన్ కంచె మీదుగా మందు కొట్టాడనే అనుకుందామన్నాడు. అలాగైతే కంచెకు ఆనుకొని ఉన్న రెండు పెట్టెలూ ముందు పోవాలి. అవే బాగున్నాయి. దూరాన, గేటు దగ్గర ఉన్నవి పోయాయి.

"దగ్గర మొక్కని వదిలేసి దూరం మొక్కని తడిపే డబ్బా నేనింతవరకూ చూళ్ళేదు," అన్నాడు.

"గాలి ఉండొచ్చుగా," అన్నాడు జెంబా.

"గాలికి పెట్టెల అంచులెలా తెలుస్తాయండీ? మధ్యలో నడకదారి నిండా కలుపు నవనవలాడుతోంది. పైనుంచి పడితే ముందు అదే చావాలి. మందు పైనుంచి రాలేదు. అడుగునుంచి వచ్చింది."

తర్వాత ఆయన నెమ్మదిగా వివరించాడు. పచ్చికబయళ్ళలో ముళ్ళ కలుపును చంపడానికి కొట్టే మందు ఒకటుంది. గడ్డిజాతిని అది ఏమీ చేయదు. ఆ గడ్డి తిన్న గుర్రానికి ఏమీ కాదు. కాని గుర్రం కడుపులోంచి మందు చెక్కుచెదరకుండా బయటికి వచ్చి, లద్దెలో నెలల తరబడి ఉంటుంది. ఆ లద్దె వేసిన మడిలో మొక్కజొన్న, ఉల్లి పెరుగుతాయి. టమాటా, చిక్కుడు, డాలియా ముడుచుకుపోతాయి. ఆయన కప్పులు రెండు బల్ల మీద పెట్టాడు. వలేరియన్ మట్టిలో మొలకలు నిటారుగా ఉన్నాయి. ఫెలిత్సియా మట్టిలోవి పురుగుల్లా చుట్టుకున్నాయి.

"నేను లద్దె వెయ్యలేదు," అన్నది ఫెలిత్సియా. "నా కంపోస్టే వేశాను."

"మీ తొట్టి అంచుల దాకా నిండి ఉందమ్మా. దానిమీద నిరుడు శరదృతువులో వేసిన ఆపిల్ తొక్కలు ఎండి అలాగే ఉన్నాయి. నడుమెత్తు పెట్టెలు కంపోస్టుని మింగినట్టు మింగుతాయి, అది వాడి ఉంటే తొట్టి ఖాళీ కావాలి. మీరు గేటు వైపునుంచి నింపుకుంటూ వచ్చారు, కంచె దగ్గరికొచ్చేసరికి లద్దె అయిపోయింది. ఆ రెండు పెట్టెలూ అందుకే బతికాయి." ఆయన ఒక్క క్షణం ఆగాడు. "మీ మొక్కలకి కట్టింది గడ్డిమోపులు కట్టే తాడు. గుర్రపుశాలల్లో సంచుల మూతులకీ అదే కడతారు. నీలం రిబ్బను మాత్రం సంచికి ఎవరూ కట్టరు, లోపలున్నది కానుకైతే తప్ప."

ఫెలిత్సియా వేళ్ళు ఒడిలోని చేతిసంచి పిడి చుట్టూ బిగుసుకున్నాయి. 

"సంచులు గేటు బయట ఉన్నాయి. బయట పెట్టినవి ఎవరైనా తీసుకోవచ్చు. ఇక్కడ మొదట్నుంచీ అంతే."

"ఎవరి గేటు బయట?"

"అతని గేటు."

"రిబ్బనుతో?"

"రిబ్బనుతో."

"ఏప్రిల్ పద్నాలుగున. అందరి గోడల మీదా క్యాలెండరు ఉంది, ఎవరి పేరు పండుగో మీకు తెలుసు. తెలిసీ తీసుకున్నారు. మొక్కలు పోగానే, ఆ సంగతి ఆయనకి తెలిసిపోయి పగ తీర్చుకున్నాడనుకున్నారు. అంతేనా?"

"అంతే," అన్నదామె. నిటారుగానే ఉంది. "శవపేటికలన్నాడుగా. అలాంటి మనిషి ఎంతకైనా తెగిస్తాడనుకున్నాను. సంచుల సంగతి చెప్తే నన్ను దొంగంటారు."

"అందుకని ఆయన్ని విషం పెట్టినవాడన్నారు."

హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి. జెంబా కాగితాలు సర్దుకోసాగాడు. అయితే ఇదా చూపు వలేరియన్ మీదే ఉంది. ఆరోపణ తొలగిపోయిన సంగతి ఆయనకు ఇంకా అందినట్టు లేదు. ఆయన కూతురి వైపు తిరిగాడు. ముడతల మొహం నిండా వెలుతురు పరుచుకుంది.

"తెచ్చావా పాపా?" అన్నాడు. "మర్చిపోలేదన్నమాట. నేనే పిచ్చివాణ్ణి, మర్చిపోయావనుకుని ఇన్నాళ్ళూ... బయటెందుకు పెట్టావే? ఇక్కడ బయట పెడితే ఉంటుందా?"

లుత్సీనా తండ్రి చేతి మీద నుంచి తన చేతిని తీసేసింది.

 సొవా లుత్సీనా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె నోరు విప్పుతుందని ఎదురుచూస్తున్నాడని ఇదాకు అర్థమైంది. ఆ నిశ్శబ్దాన్ని వలేరియన్ తనకు తోచినట్టు పూరించుకున్నాడు.

"దానికేం తెలుసండీ పాపం. మంచిదనుకుని తెచ్చింది," అన్నాడు సొవాతో. ఆయన కళ్ళు అందుకు అవుననమని అడిగాయి.

సొవా మూడవ కప్పును సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అందులోని మొలకలూ చుట్టుకుపోయి ఉన్నాయి.

"ఇది మీ అమ్మాయి పనిచేసే గుర్రపుశాల కుప్పలోది," అన్నాడు. "కుప్ప ముందు ఒక బోర్డు ఉంది. కూరగాయల తోటలకు వాడరాదని పెద్దక్షరాలతో రాసి ఉంది. మార్చి నుంచీ అక్కడే ఉందని యజమాని చెప్పాడు."

"చూసుండదు," అన్నాడు వలేరియన్.

"ఆ బోర్డు రాసింది నేనే నాన్నా," అన్నది లుత్సీనా.

ఆమె ఎవరివైపూ చూడకుండా చెప్పింది. పోయిన శరదృతువులో తాను వచ్చేసరికి తండ్రి పియోనీ మడి పక్కన తడి ఆకుల్లో పడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో ఎవరికీ తెలియదు. బరువులెత్తితే గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆయన వినలేదు. ఆమె బతిమాలింది, అరిచింది, తోట తాళం దాచిపెట్టింది. చివరికి, ఒక్క వేసవి ఏమీ మొలవకపోతే తనంతట తానే విసుగెత్తి మానేస్తాడనుకుంది. మొక్కలు పోతాయి, మనిషి మిగులుతాడు. సంచులను చేతికి ఇవ్వడానికి మొహం చెల్లక గేటు బయట దించి వెళ్ళిపోయింది. బయట పెట్టినది ఊరందరిదీ అవుతుందని ఆమెకు తెలియదు. ఈ తోటలోకి టమాటా తినడానికి తప్ప ఆమె ఎన్నడూ మనసుపెట్టి రాలేదు.

"ఫెలిత్సియా గారి మడులు చూసినప్పుడు తెలిసిందా?" అని అడిగాడు వలేరియన్. ఆ ప్రశ్న డిటెక్టివు అడగవలసింది. తండ్రే అడిగాడు.

"చూడగానే తెలిసింది."

"నన్ను విషం పెట్టినవాడంటుంటే పక్కనే ఉన్నావు. బజార్లో రొట్టెలామె నాకు మొహం తిప్పుకున్నప్పుడు కూడా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను. వీళ్ళే తోట లాగేసుకుంటే, నేను లాక్కున్నట్టు ఉండదనుకున్నాను." ఆమె మొదటిసారి ఆయన వైపు చూసింది. "నువ్వు బతకాలని నాన్నా. నాకంతే కావాలి."

వలేరియన్ లేచాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. వేళ్ళు సహకరించక చివరిది చాలాసేపు పట్టింది. కూతురు సాయానికి చెయ్యి చాపింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఆ గుండీని అలాగే వదిలేశాడు.

"ఓటు వెయ్యండి జెంబా గారూ," అన్నాడు. "నేను ట్రాముకి వెళ్ళాలి."

తోట ఆయనకే ఉండాలని అందరూ చేతులెత్తారు, ఫెలిత్సియాతో సహా. కొందరు వచ్చి ఆయన చెయ్యి పట్టుకొని ఊపారు. క్షమించమని మాత్రం ఒక్కరూ అనలేదు.

తిరుగుదారిలో ఇదా ట్రాములో ఆయన పక్కన కూర్చుంది. నాలుగు గోడల మధ్య తేల్చవలసిన విషయాన్ని అంతమంది ముందు ఎందుకు పెట్టారని అడిగేసింది. నలుగురి ముందు వేసిన మచ్చను నలుగురి ముందే తుడవాలన్నాడు సొవా. కూతురి భాగం మాత్రం తాను దాటేద్దామనుకున్నాడట.

"నిన్న లుత్సీనా ఇంటికి వెళ్ళాను," అన్నాడు. "రేపటిలోగా మీరే ఆయనతో చెప్పండి, అప్పుడు నేను సంచుల దగ్గరే ఆగిపోతాను అన్నాను. ఎందుకు చేసిందో అప్పుడే చెప్పింది. ఆవిడ నాకు టీ ఇచ్చింది. ఆయనకి మాత్రం చెప్పలేదు. కానీ ఇవాళ ఆయన నన్ను సూటిగా అడిగాడు కదా ఇదా. నాకు ఫీజు ఇస్తున్నది ఆయన."

"ఆవిడకేం తెలీదన్న మాటకి మీరు అవునని ఉంటే?"

"వచ్చే ఏప్రిల్లో మళ్ళీ సంచులు వచ్చేవి. ఆయన రెండు చేతులా అందుకుని, భార్య నాటిన పియోనీల మీద పోసుకునేవాడు." సొవా కిటికీ బయటికి చూశాడు. "పోసేవాడు కాదేమో. కూతురు మళ్ళీ తెచ్చేది కాదేమో. నాకు తెలీదు."

ఆయన నోట తనకు తెలియదన్న మాట ఇదా విన్నది అదే మొదటిసారి.

జూలై చివరలో ఒక మధ్యాహ్నం వలేరియన్ కార్యాలయానికి వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. పెదవుల రంగు ఇదాకు నచ్చలేదు. మంచినీళ్ళు ఇచ్చి, ఎవరు తీసుకొచ్చారని అడిగింది. కిటికీలోంచి కిందికి చూసింది. వీధిలో కారు లేదు.

"ట్రాము ఉందిగా," అన్నాడాయన.

తోట బాగుందన్నాడు. ఫెలిత్సియా పెట్టెలు ఖాళీ చేసుకుంటోందట. ఆమె మోకాళ్ళతో ఆ పని కాదు గనుక సాయంత్రాలు తాను పార పట్టుకుంటున్నాడట. ఇద్దరూ మాట్లాడుకోరట. వద్దని సొవా అనబోయి, ఆ మాట అనే హక్కు ఎవరికి ఉండేదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. తోటలో సాయంగా ఇంకెవరైనా ఉంటున్నారా అని మాత్రం అడిగాడు. అక్కడ చేసేది ఏముంది, ఒక్కడికి చాలినంత పనే అన్నాడు వలేరియన్.

వెళ్ళబోతూ జేబులోంచి పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీసి ఇదా బల్ల మీద పెట్టాడు. లోపల ఒక టమాటా ఉంది. తొడిమ దగ్గర ఇంకా కొద్దిగా పచ్చదనం ఉన్న, ఎండ వేడి ఆరని టమాటా.

"మొదటిదమ్మా," అన్నాడు. "మీకే."

ఇదా చెయ్యి చాపలేదు. "మరి అమ్మాయిగారికో?"

వలేరియన్ టోపీ పెట్టుకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి, కొంచెం ఆలోచించి చెప్పాడు.

"దానికి టమాటాలంటే పడదండీ."

ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి దిగుతున్న ఆయన అడుగులు కింది దాకా వినిపించాయి. సొవా సొరుగు తెరిచి కత్తి తీశాడు, ఉప్పు కోసం వెతికాడు. ఇదా ఆ టమాటాను చేతిలోకి తీసుకొని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మూడు కప్పులు ఉండిన చోట దాన్ని పెట్టి, వృద్ధుడు క్షేమంగా ట్రాము ఎక్కేదాకా చూస్తూ నిలబడింది.